ఏ వైపునుంచి చూస్తున్నావురా?

అభాలో ఉంటున్నానని చెబితే మనవాళ్ళు చాలామంది "అబుదాబీనా?" అని అడుగుతారు. కాదండీ, సౌదీలో నైరుతి మూల, అసీర్ కొండలమీద, సముద్రమట్టానికి రెండువేల రెండువందల మీటర్లు పైన ఉన్న ఊరు. రియాద్‌లో నలభై అయిదు డిగ్రీల ఎండ కాస్తుంటే ఇక్కడ సాయంత్రానికి స్వెట్టరు వెతుక్కుంటాం. తొమ్మిదేళ్ళ నుంచీ ఇక్కడే కంప్యూటరు వ్యవస్థల కన్సల్టెంటుగా బతుకుతున్నాను. చదివింది కంప్యూటర్ సైన్సులో మాస్టర్సు. అందుకని ఊళ్ళో తెలుగువాళ్ళ లెక్కలో కరెంటుతో పనిచేసే వస్తువేదైనా నేను బాగుచెయ్యగలను!

రెండేళ్ళ కిందట ఒక గురువారం రాత్రి ఫోను వచ్చింది. రాయచోటి వైపు మనిషి. ఇక్కడికి అరగంట దూరంలో ఖమీస్ ముషయిత్‌లో ఒక కోల్డ్ స్టోరేజీకి కాపలా, సంరక్షణ అన్నీ అతనే.

"సార్, మిషను ఆడించే బోర్డు కాలిపోయింది. యాడా దొరకలేదు. నీళ్ళు పడినాయి, నీదే తప్పు అంటాండాడు కఫీలు. జీతంలో పట్టుకుంటాడంట."

వెళ్ళి చూశాను. గోధుమరంగు అట్టలాంటి పాత బోర్డు. ఒకవైపే రాగి. మూడు రిలేలు, నాలుగు ట్రాన్సిస్టర్లు, ఒక ఐసీ. ఒక మూల నల్లగా మాడిపోయింది. దాన్ని చేసినవాళ్ళు ఆ రకం చెయ్యడం ఎప్పుడో మానేశారు. అది పోయిన దగ్గరనుంచీ ఇతను రాత్రంతా గంటగంటకీ లేచి, థర్మామీటరు చూసి, కంప్రెసరు చేత్తో వేసి కట్టేస్తున్నాడు. అప్పటికి పదకొండు రాత్రులట. కళ్ళు ఎర్రగా గాజుగోళీల్లా ఉన్నాయి.

డిజైను గీసి చైనాకి పంపితే బోర్డు చవగ్గానే చేసి పంపుతారు. కాని కొరియరు, కస్టమ్స్ అన్నీ దాటుకుని అభా చేరేసరికి రెండు వారాలు. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే ఒక మిత్రుడి ఇంట్లో, మేజామీద పట్టేంత చిన్న మిల్లింగు యంత్రం ఉంది. లేజరు తల కూడా తగిలించుకోవచ్చు. రెండు రోజుల్లో చేసి పెడతానని మాటిచ్చేశాను. కంప్రెసరు వైపు వెళ్ళే పెద్ద కరెంటు భాగాన్ని ముట్టుకోకుండా, బజారులో దొరికే రిలేలకే వదిలేసి, చిన్న వోల్టేజీ భాగం మాత్రం కొత్తగా చేద్దామని నా ఆలోచన.

సాఫ్టువేరువాడి ధీమా ఒకటుంటుంది. బోర్డు గియ్యడం కష్టం గాని, గీశాక యంత్రానికి పంపడం ఏముంది, 'ఎక్స్‌పోర్ట్' అనే మెనూ నొక్కడమే కదా అనుకున్నాను. పాత బోర్డుని స్కాను చేసి, గీతల్ని ఒక్కొక్కటే అనుసరించి, కైకాడ్‌లో తిరిగి గీశాను. మెనూ నొక్కాను. శుక్రవారం సాయంత్రానికి చక్కటి బోర్డు తయారైంది. భాగాలు పెట్టబోతే ఒక్కటీ కూర్చోదు. అద్దంలో బొమ్మలా కుడి ఎడమలు తారుమారయ్యాయి!

ఆ మెనూ వెనక ఎనభై ఏళ్ళ చరిత్ర ఉందని అప్పుడు తెలుసుకోవడం మొదలుపెట్టాను.

* * *

అసలు రాగి తీగల్ని అచ్చు వెయ్యొచ్చునన్న ఆలోచనే ఒక ప్రవాసిది. పాల్ ఐస్లర్ 1907లో వియన్నాలో పుట్టాడు. ఇంజనీరింగు చదివాడు, కాని యూదుడు కావడంతో అక్కడ సరైన ఉద్యోగం దొరకలేదు. కొంతకాలం అచ్చు పనిలో, పత్రికల పనిలో ఉన్నాడు. 1936లో లండన్ చేరాడు. ఆ రోజుల్లో రేడియో లోపల తీగలన్నీ చేత్తో ఒక్కొక్కటే అతికేవారు. పుస్తకం అచ్చువేసినట్టు ఈ తీగల్ని కూడా అచ్చువేస్తే ఏం, అనిపించింది ఐస్లర్‌కి. బల్లమీద రాగి రేకు అంటించి, కావలసిన గీతలమీద సిరాతో కప్పి, మిగతా రాగిని ఆమ్లంతో కరిగించెయ్యడం. అద్దెగదిలోనే ఒక రేడియో చేసి చూపించాడు. ఆ తీగల పని ఆడపిల్లలు చవగ్గా చేస్తున్నారు, ఈ గోలెందుకని ఒక కంపెనీ తిప్పి పంపిందని చెబుతారు. యుద్ధం వచ్చాక శత్రుదేశపు పౌరుడని కొంతకాలం నిర్బంధంలో కూడా ఉంచారు. 1943లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. విమానాల్ని కూల్చే ఫిరంగి గుండ్లలోని ఫ్యూజుల్లో అమెరికా వాళ్ళు అచ్చు సర్క్యూట్లు వాడాక గాని లోకానికి దాని విలువ తెలియలేదు.

అంటే సర్క్యూటు బోర్డు మొదటినుంచీ రెండు ముక్కలు. బొమ్మ ఒకచోట, చేసే చెయ్యి ఇంకోచోట. ఆ బొమ్మని ఆ చేతికి ఎలా చేర్చాలన్నదే తరవాతి కథంతా.

మా మేనమామ ఈ కథలో ఒక చిన్న పాత్ర. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ వచ్చింది. మొగల్లులో పుట్టిన ఎ.ఎస్. రావుగారు దాన్ని నిలబెట్టారు. 1969లో టీడీసీ-12 కంప్యూటరు అక్కణ్ణుంచే వచ్చింది. కుషాయిగూడ, చర్లపల్లి వైపు చిన్న చిన్న యూనిట్లు వెలిశాయి. 1980ల్లో అలాంటి ఒక షెడ్డులో మావయ్య 'టేపు పని' చేసేవాడు. వేసవి సెలవుల్లో వెళ్ళినప్పుడు చూసేవాణ్ణి. కింద ట్యూబులైటు వెలిగే గాజుబల్ల. దానిమీద పారదర్శకమైన మైలార్ షీటు. నల్ల టేపు, కొన్నిటికి ఎర్రటేపు, నీలంటేపు. రెండువైపులా రాగి ఉండే బోర్డుకి ఒకవైపు గీతలు ఎరుపు, రెండోవైపువి నీలం. ఒకే షీటుని రంగు ఫిల్టర్లతో రెండుసార్లు ఫొటో తీస్తే రెండు బొమ్మలు విడిపోతాయి. అసలు సైజుకి రెండు రెట్లో నాలుగు రెట్లో పెద్దగా వేసేవారు. కెమెరాతో తగ్గించినప్పుడు చేతి వణుకు కూడా తగ్గిపోతుంది. ఫెర్రిక్ క్లోరైడు మరకలతో పక్కగదిలో పనివాళ్ళ వేళ్ళు ఎప్పుడూ పసుపు గోధుమ రంగులో ఉండేవి. మావయ్య వేళ్ళకి మాత్రం టేపు జిగురు.

ఆ టేపుని మాయం చేసినవాడు ఇంకొక వియన్నా ప్రవాసి. జోసెఫ్ గెర్బర్ 1924లో పుట్టాడు. నాజీల పాలన నుంచి తప్పించుకుని 1940లో తల్లితో అమెరికా చేరాడు. ఇంజనీరింగు చదువుతున్న రోజుల్లో, గ్రాఫుల లెక్కలు తేలిగ్గా చెయ్యడానికి తన పైజమా నడుముకున్న ఎలాస్టిక్ లాగి, దానిమీద గీతలు గీసి, సాగే కొలబద్ద చేసుకున్నాడు. దాన్నే పరికరంగా మలిచి 1948లో కనెక్టికట్‌లో కంపెనీ పెట్టాడు. 1960ల్లో ఆ కంపెనీ ఫొటోప్లాటరు తెచ్చింది. చీకటి గదిలో, ఫిల్ముమీద, వెలుగుతో బొమ్మ గీసే యంత్రం. వెలుగు ముందు ఒక చక్రం, దానికి రకరకాల రంధ్రాలు. సన్న గీతకి సన్నది, పెద్ద చుక్కకి పెద్దది.

ఆ యంత్రానికి చెప్పే భాష మన ఆడవాళ్ళకి కొత్తది కాదు. ముగ్గు వేసేటప్పుడు చేసేవి మూడే పనులు. చెయ్యి ఎత్తి ఇంకోచోటికి వెళ్ళడం, పిండి వదులుతూ గీత లాగడం, ఉన్నచోటే చుక్క పెట్టడం. గెర్బర్ ఫైలులో డి02 అంటే చెయ్యెత్తి వెళ్ళు, డి01 అంటే గీస్తూ వెళ్ళు, డి03 అంటే చుక్క పెట్టు. అంతే! ఇక్కడ అసీర్‌లో ఆడవాళ్ళు ఇంటి గోడలమీద 'ఖత్' అని రంగుల త్రికోణాలూ గళ్ళూ వేస్తారు. 2017లో యునెస్కో జాబితాకెక్కిన కళ. అదీ తల్లి చేతినుంచి కూతురి చేతికి వచ్చేదే, కాగితంమీద రాసుకున్నది కాదు. చెయ్యి పక్కన ఉన్నంతకాలం ఫైలు అక్కర్లేదు. చెయ్యి దూరమైతేనే ఫైలు కావాలి.

* * *

గెర్బర్ ఈ భాషని గాలిలోంచి పుట్టించలేదు. 1940ల్లో మిషిగన్ రాష్ట్రంలో జాన్ పార్సన్స్ అనే ఆయన హెలికాప్టరు రెక్కలు చేసేవాడు. ఆ వంపు గియ్యడానికి వందల బిందువులు లెక్కకట్టాలి. ఆ లెక్కలు చిల్లుల కార్డుల యంత్రంతో చేయించాడు. లెక్క వేసిన యంత్రమే కోత యంత్రాన్ని కూడా ఎందుకు నడపకూడదనుకున్నాడు. 1949లో వైమానిక దళం డబ్బిచ్చింది. పని ఎం.ఐ.టి. చేతికి వెళ్ళింది. 1952లో చిల్లుల కాగితం టేపు చదువుకుంటూ లోహాన్ని కోసే మిల్లింగు యంత్రాన్ని వాళ్ళు ప్రదర్శించారు. ఆ యంత్రాల ఆజ్ఞలన్నిటినీ ఒక దారికి తెచ్చి అమెరికా ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల సంఘం పెట్టిన ప్రమాణం పేరు ఆర్.ఎస్.-274. మనం జి-కోడ్ అనేది దాన్నే. గెర్బర్ కంపెనీ 1980లో ప్రచురించిన ఫొటోప్లాటరు ఫార్మాటు ఆర్.ఎస్.-274-డి లో ఒక భాగమే.

అంటే వెలుగుతో గీసే గెర్బర్, ఉలితో కోసే జి-కోడ్ ఒక తల్లి బిడ్డలు. కాని వేరే ఇళ్ళలో పెరిగారు. ఈ రోజు నాలాంటివాడు ఇంట్లో బోర్డు మిల్లింగు చెయ్యాలంటే మొదటిదాన్ని రెండోదానిగా మార్చుకోవాలి. అన్నదమ్ములే కదా, ఒకళ్ళ మాట ఒకళ్ళకి అర్థం కాదా అంటే, కాదు. ఎందుకంటే గెర్బర్ ఫైలు 'ఏది ఉండాలో' చెబుతుంది. జి-కోడ్ 'ఉలి ఎక్కడ నడవాలో' చెబుతుంది.

మళ్ళీ ముగ్గులోకే వద్దాం. వాకిలంతా పిండి పరిచేశారనుకోండి. ఇప్పుడు పిండి పొయ్యకుండా, వేలితో తుడుస్తూ అదే ముగ్గు తేవాలి. గీతమీద వేలు పెట్టకూడదు, గీతకి రెండు పక్కలా తుడవాలి. అప్పుడు వేలు ఎంత లావుందో తెలియాలి. లావైతే దగ్గర దగ్గర గీతల మధ్య దూరదు. మిల్లింగు అచ్చంగా ఇదే. రాగి పొర మందం 35 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ముప్ఫయ్యో వంతు. దాన్ని కోసే ఉలి మొన తేలిన శంకువు. మొన 0.1 మిల్లీమీటరు, కోణం 30 డిగ్రీలు ఉన్న ఉలి 0.1 లోతు దిగితే గాడి 0.15 వెడల్పు వస్తుంది. ఇంకొంచెం దిగితే ఇంకా వెడల్పు. బోర్డు ఒక చివర కాస్త వంగి ఉంటే అక్కడ గాడి పడదు, రెండోచివర గీతే తెగిపోతుంది. ఇవేవీ గెర్బర్ ఫైల్లో ఉండవు. అవి పక్కనున్న మనిషి చెప్పాలి.

లేజరుతో చేద్దామా అని కూడా చూశాను. చెక్క, ప్లాస్టిక్ కోసే కార్బన్ డయాక్సైడు లేజరుకి రాగి అద్దంలాంటిది. వెలుగుని తిప్పికొడుతుంది. మా మిత్రుడిది చిన్న నీలి లేజరు. దానితో రాగిమీద నల్లరంగు పూసి, ఆ రంగుని కాల్చి, బయటపడిన రాగిని ఫెర్రిక్ క్లోరైడుతో కరిగించాలి. శుక్రవారం రాత్రి అభాలో అది ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడ ఇంకో తిరకాసు కూడా ఉంది. లేజరు కాల్చేది ఉండకూడనిచోట. కాబట్టి బొమ్మని నలుపు తెలుపులు తారుమారు చేసి పంపాలి. ఒకే డిజైను, ఫిల్ముకి ఒకలా, ఉలికి ఒకలా, లేజరుకి ఒకలా. ఎగుమతి అంటే సరుకు పంపడం కాదు, అవతలివాడు దాన్ని ఏంచేస్తాడో తెలుసుకుని పంపడం.

* * *

శనివారం రెండో బోర్డు. ఈసారి బొమ్మని తిప్పాను. గాళ్ళు బాగా పడ్డాయి. తరవాత రంధ్రాలు. పరీక్షకి గాలిలో నడిపిస్తే, బోర్డంతా పరుచుకోవలసిన అరవై రంధ్రాలూ ఒక మూల పోపులో ఆవాల్లా గుమిగూడాయి.

కారణం వెతికితే మళ్ళీ కాగితం టేపు దగ్గరికే వెళ్ళాల్సి వచ్చింది. రంధ్రాల ఫైలు ఫార్మాటు కాలిఫోర్నియాలోని ఎక్సెలాన్ అనే డ్రిల్లింగు యంత్రాల కంపెనీ పేరుమీద వచ్చింది. టేపు రోజుల్లో ప్రతి అంకెకీ చిల్లులు పొడవాలి. పొదుపు కోసం చుక్కా రాసేవారు కాదు, ముందున్న సున్నాలో వెనకున్న సున్నాలో ఎగరగొట్టేవారు. ఏవి ఎగరగొట్టారో, చుక్క ఎక్కడో, కొలత అంగుళాలో మిల్లీమీటర్లో, ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ ముందే తెలిసి ఉండాలి. మన రియల్ ఎస్టేటువాళ్ళు "ఎకరం నలభై" అంటారే, అలాగన్నమాట. లక్షలని వినేవాడికి తెలుసు కాబట్టి సరిపోయింది. నేను ఎందుకో సున్నాలు ఎగరగొట్టే గడిని నొక్కాను. చదివే ప్రోగ్రాము చుక్కని ఒక స్థానం అటు అనుకుంది. దాంతో దూరాలన్నీ పదోవంతు! అరవయ్యేళ్ళనాటి కాగితం పొదుపు నా దగ్గర ఒక శనివారం వసూలు చేసింది.

ఆ రాత్రి మావయ్యకి ఫోను చేశాను. ఆయనకిప్పుడు డెబ్భై దాటాయి, కుషాయిగూడలోనే ఉన్నారు. విషయం చెబితే పకపకా నవ్వారు.

"ఏరా, నీ చదువుకి ఇంకా ఇదే తిప్పలా? మాకు టేపు పోయి కంప్యూటరొచ్చిన కొత్తలో ఫ్లాపీ పంపేవాళ్ళం ఫిల్ము తీసేవాళ్ళకి. దాంతోపాటు ఒక కాగితం. చక్రంలో పదో నంబరు రంధ్రం ఎంత, పదకొండోది ఎంత అని. ఒకసారి ఆ కాగితం ఎక్కడో పడిపోయింది. వాళ్ళకి తోచింది పెట్టి తీసేశారు. రెండొందల బోర్డులు, అన్ని గీతలూ ఒకే లావు. కరెంటు వెళ్ళాల్సినచోట దారం, దారం ఉండాల్సినచోట తాడు!"

"తప్పు ఎవరిమీద పడింది మావయ్యా?"

"ఎవరిమీద పడుతుంది? టేపు పనివాడికి కంప్యూటరు రాదన్నారు. మర్నెల నుంచి నన్ను స్టోర్సులో వేశారు."

ఆ సంగతి నాకు అంతవరకూ తెలియదు. మావయ్య స్టోర్సులో రిటైరయ్యారని తెలుసు గాని, అక్కడికెందుకు వెళ్ళారో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆ కాగితంలోని పట్టికని ఫైలు లోపలే పెట్టేసే పద్ధతి, ఆర్.ఎస్.-274-ఎక్స్, 1990ల్లో వచ్చింది. దాని ప్రమాణపత్రం 1998లో వెలువడింది. మావయ్యకి కొద్ది ఏళ్ళు ఆలస్యంగా! ఇప్పుడు ఆ ఫార్మాటుని చూసుకుంటున్నది బెల్జియంలోని యూకామ్‌కో. వాళ్ళు 2014లో పాత 274-డి కాలం చెల్లిందని ప్రకటించారు. అదే ఏడు వచ్చిన ఎక్స్2 లో ఇది పై రాగి, ఇది కింది రాగి, ఇది రంధ్రం అన్న సంగతి కూడా ఫైలే చెబుతుంది. వెనక్కి తిరిగి చూస్తే గెర్బర్ చరిత్రంతా ఒకటే. పక్క కాగితంమీదో, మనిషి నోట్లోనో ఉండిపోయిన సంగతుల్ని ఒక్కొక్కటే ఫైల్లోకి ఎక్కించుకుంటూ రావడం. ఎక్కించని ప్రతి సంగతికీ ఎవరో ఒకరు మూల్యం కట్టారు. సాధారణంగా ఆ కట్టినవాడు ఫైలు రాసినవాడు కాదు.

చిన్న యంత్రాల వైపు కూడా ఇలాగే జరిగింది. 1976లో మొదలైన జర్మన్ కంపెనీ ఎల్.పి.కె.ఎఫ్. పేరులోనే 'బోర్డుల నకలు మిల్లింగు' అన్న అర్థం ఉంది. ప్రయోగశాలల్లో ఆమ్లం లేకుండా బోర్డు చేసుకునే దారి అలా పడింది. 1998లో ఎం.ఐ.టి.లో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ 'దాదాపు ఏదైనా చెయ్యడం ఎలా' అని ఒక కోర్సు పెట్టాడు. దానిలోంచి ఫ్యాబ్ ల్యాబులు వచ్చాయి. అమెరికా బయట మొదటివాటిలో ఒకటి 2002లో పుణె దగ్గర పాబల్ అనే పల్లెలో, విజ్ఞాన్ ఆశ్రమంలో పెట్టారు. గ్రెనోబుల్‌లో జాన్-పియేర్ శారాస్ అనే అధ్యాపకుడు 1992లో మొదలుపెట్టిన కైకాడ్‌నీ, గెర్బర్‌ని జి-కోడ్‌గా మార్చే ఫ్లాట్‌క్యామ్‌నీ ఉచితంగా పంచారు. హైదరాబాదులో 2023 మార్చిలో టీ-వర్క్స్ తెరిచారు, డెబ్భై ఎనిమిదివేల చదరపు అడుగుల్లో. చర్లపల్లి షెడ్డునుంచి అక్కడికి గంట ప్రయాణం. మావయ్యని ఒకసారి తీసుకెళ్ళి చూపించాలి.

ఫోను పెట్టేసే ముందు ఆయన అడిగారు. "మొదటిది అద్దంలా వచ్చిందన్నావు. బోర్డు గీసేటప్పుడు ఏ వైపునుంచి చూస్తున్నావురా?"

"పైనుంచే."

"రాగి ఎటుంది?"

"కింద."

"కింది రాగిని పైనుంచి చూసి గీశావు. యంత్రంమీద రాగిని పైకి తిప్పి పెట్టావు. మరి తిరగబడక ఏమవుతుంది? ఈసారి తిప్పానంటున్నావు గాని, రేపు మళ్ళీ మరిచిపోతావు. మేం ప్రతి షీటుమీదా ఓ మూల రాగివైపు ఒక అక్షరం పెట్టేవాళ్ళం. బోర్డుమీద అది సరిగ్గా చదవగలిగితే అంతా సరిగ్గా ఉన్నట్టే. ఏ అక్షరమో తెలుసా? 'క'. ఇంగ్లీషు 'ఏ' పెడితే తిరగబడినా తెలిసి చావదు."

ఆదివారం సెలవు పెట్టాను. 'క'ని బొమ్మగా గీసి మూలన పెట్టాను. తెరమీద తిరగబడి కనిపించింది. ఉలి లావు, లోతు మళ్ళీ చూసుకున్నాను. బోర్డుమీద పదహారుచోట్ల ఎత్తు కొలిచి వంపు సరిచేశాను. గాజుపీచు కలిసిన బోర్డు దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు కాబట్టి మూతికి మాస్కు, పక్కన వాక్యూమ్ క్లీనరు. నలభై నిమిషాలు పట్టింది. దుమ్ము తుడిచి చూస్తే మూలన, రాగిలో, తిన్నగా, 'క'.

చీకటి పడ్డాక ఖమీస్ ముషయిత్ వెళ్ళి బిగించాం. కంప్రెసరు తనంతట తను ఆగింది. ఇద్దరం మాట్లాడకుండా నిలబడ్డాం. పద్దెనిమిది నిమిషాలకి తనంతట తనే మళ్ళీ కదిలింది.

అతను బోర్డు దగ్గరికి వంగి చూశాడు. "సార్, ఇదేంది, తెలుగు 'క' మాదిరి ఉండాది?"

"'క'నే. మా మావయ్యది," అన్నాను.

ఇంకేమీ అడగలేదు. గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నేను పనిముట్లు సర్దుకునేలోపు నిద్రపోయాడు.